మామిడిని చెట్టు మీదే మాగబెట్టే మందట, ఆ సీసా కొనొద్దు

బేనీషా (బంగినపల్లి) మామిడి కోత దగ్గర పడగానే చిత్తూరు చుట్టుపక్కల తోటలకు మందు అమ్మేవాళ్లు ఒక సీసా పట్టుకుని వస్తారు. "ఫారిన్‌లో కివీని తీగ మీదే పండించే మందు ఇది. లీటరుకు రెండు మి.లీ. కొట్టండి, నాలుగు రోజుల్లో చెట్టంతా పసుపు. పక్క తోట కంటే వారం ముందే మండీలో ఉంటారు" అని చెబుతారు. తోట గుత్తకు తీసుకుని, మొదటి రేటు మీద ఆశ పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా దీనికి పడిపోతారు. రైతులైనా, గుత్తదారులైనా డబ్బు తీసే ముందు ఇది చదవండి.

ముందు కివీ సంగతి. కివీని ఎవరూ తీగ మీద పండించి అమ్మరు. కాయ రాయిలా ఉండగానే, తీపి 6.2 నుంచి 6.5 బ్రిక్స్ (కాయ రసంలో తీపిని కొలిచే లెక్క) దాటిందని చూసుకుని కోస్తారు. లోపలి పిండి పదార్థం చక్కెరగా మారేది చాలావరకు కోశాకే. మాగడానికి కావలసిన ఎథిలీన్ గాలి కూడా గోదాములోనే ఇస్తారు. ఆ తోటల్లో గ్రోత్ రెగ్యులేటర్ (పెరుగుదలను అదుపు చేసే మందు) వాడకం లేదని కాదు, ఉంది. ఫోర్‌క్లోర్‌ఫెన్యూరాన్ అనేది పిందె మీద కొడతారు, అదీ కాయ సైజు కోసం. మాగడానికీ దానికీ సంబంధం లేదు. అంటే అమ్మేవాడి మొదటి మాటే అబద్ధం.

సీసాలో సాధారణంగా ఉండేది ఎథెఫాన్, మన పురుగుమందుల అంగడిలో 39 శాతం ఎస్‌ఎల్‌గా (నీళ్లలో కలిసే ద్రవంగా) దొరికేదే. ఆకు మీద, కాయ మీద పడ్డాక ఎథిలీన్‌గా విడిపోతుంది. లీటరుకు రెండు మి.లీ. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ., దాదాపు 800 పీపీఎం (పది లక్షల భాగాల్లో 800 భాగాలు). కాయలేని రోజుల్లో పూత తెప్పించడానికి మామిడికి వాడేది 200 పీపీఎం. దానికి నాలుగింతలు కాయ మీద కొడితే ఏమవుతుంది?

ఎథిలీన్ కాయను మాగబెట్టడమే కాదు, తొడిమ దగ్గర కణాల మధ్య అతుకునూ కరిగిస్తుంది. పసుపు తిరగకముందే కాయ రాలుతుంది. రాలిన కాయకు దెబ్బ, దెబ్బ పడినచోట నలుపు. ఆ కాయను ఏ మండీలోనూ ఎత్తరు. కాయ వెంట ఆకూ రాలుతుంది. ఆ దెబ్బ వచ్చే ఏడు చిగురు మీద పడుతుంది.

రాలకుండా నిలిచిన కాయైనా సరిగ్గా మాగదు. ఒకే చెట్టు మీద పూత రెండు మూడు విడతలుగా వస్తుంది కాబట్టి ముదురు కాయ పక్కనే లేత కాయ ఉంటుంది. మందుకు ఆ తేడా తెలియదు. లేత కాయకు తోలు పసుపు తిరుగుతుందే తప్ప లోపల తీపి చేరదు. ఒక కాయ కోసి చూడండి. చెట్టున ముదిరిన కాయలో పసుపు టెంక చుట్టూ మొదలై బయటికి వస్తుంది. మందు కాయలో తోలు బంగారంలా ఉన్నా టెంక దగ్గర తెల్లగా, పుల్లగా ఉంటుంది. కొనేవాడు ఒకసారి మోసపోతాడు, రెండోసారి మీ బండి దగ్గరికే రాడు.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. ఎథెఫాన్ ఆమ్లంలోనే నిలకడగా ఉంటుంది. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం కొలత) ఐదు దాటితే విడిపోవడం మొదలవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లు, క్షారం ఎక్కువ. ఉదయం కలిపిన మందు సాయంత్రానికి కొంత గాలికి పోతుంది. "పనిచేయలేదు" అని మీరంటే "మోతాదు రెట్టింపు చేయండి" అంటాడు అమ్మేవాడు. కాయంతా రాలేది అక్కడే.

చట్టం సంగతి కూడా. గ్రోత్ రెగ్యులేటర్లు 1968 పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషం తీవ్రత తెలిపే రంగు త్రికోణం ఉండాలి. "బయో" అని రాసి ఇవేవీ లేకపోతే, బిల్లు అడిగితే నసిగితే, అక్కడితో ఆపేయండి. ఎథెఫాన్ నీళ్లలో కాయను ముంచడం, కాయ మీద చల్లడం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) ఒప్పుకోదు. దాని నుంచి వచ్చే గాలిని మాత్రమే, అదీ 100 పీపీఎం వరకు, ఒప్పుకుంటుంది. కార్బైడ్ ఎటూ నిషేధమే.

తొందరగా మాగాలంటే కోశాకే మాగబెట్టండి. బకెట్ నీళ్లలో కాయ వేయండి. మునిగితే ముదిరింది, తేలితే లేతది, పక్కన పెట్టేయండి. ముదురు కాయను గాలి చొరబడని గదిలో మూడో వంతుకు మించకుండా సర్దండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు రెండేసి మీటర్లు ఉంటే, వెడల్పు మూతి ప్లాస్టిక్ తొట్టిలో 5 లీటర్ల నీళ్లు, 10 మి.లీ. ఎథెఫాన్ పోసి కాయకు తగలకుండా పెట్టండి. చివరగా 2 గ్రాముల కాస్టిక్ సోడా వేయండి, ఆ క్షారానికి ఎథిలీన్ గాలి వెలువడుతుంది కాబట్టి వెంటనే తలుపు మూయండి. చేతికి గ్లౌజులు ఉండాలి. దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. మరుసటి రోజు తలుపు తీసి గాలి ఆడనివ్వండి.

ఇప్పటికే కొట్టేశారా? ఆరు గంటలు దాటకపోతే చెట్టును మంచినీళ్లతో బాగా కడగండి, కొంత పోతుంది. దాటితే రాలకముందే కోసి, ముదురూ లేతా వేరు చేసుకోండి. సీసాను పారేయొద్దు, లేబులు ఫోటో తీసుకోండి. సీలు తీయని సీసా ఉంటే దాన్నీ, బిల్లునూ మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి. నమూనా ల్యాబుకు పంపేది వారే.