బ్లేడ్ రన్నర్ అయిదు డిస్కుల సెట్టు: మార్చారు సరే, పాతదీ ఇచ్చారు

పాత సినిమా కొత్త డిస్కులో వచ్చిందంటే బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో తర్వాత చూస్తాను, ముందు చూసేది ఆ రోజు థియేటర్లో జనం చూసిన సినిమా ఇందులో ఉందా లేదా అని. చాలాసార్లు ఉండదు. డైరెక్టరుకో, స్టూడియోకో మనసు మారుతుంది, నాలుగు షాట్లు మారతాయి, రంగులు మారతాయి, కొత్త వెర్షనే అసలైనదని అట్ట మీద వేసి అమ్మేస్తారు, పాతది ఇక ఎక్కడా దొరకదు. 2007లో వార్నర్ వాళ్లు తెచ్చిన బ్లేడ్ రన్నర్ (1982 నాటి సైన్స్ ఫిక్షన్ సినిమా) బ్లూరే సెట్టు నాకు ఇంతగా నచ్చింది అందుకే. డైరెక్టర్ రిడ్లీ స్కాట్ తనకు కావలసినట్టు సినిమాను మార్చుకున్నాడు, కానీ అంతకు ముందున్న నాలుగు వెర్షన్లనూ అదే పెట్టెలో పెట్టారు. సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆపేయండి, ముగింపుతో సహా అన్నీ చెప్పేస్తున్నాను.

అయిదు వెర్షన్లు ఎందుకొచ్చాయంటే, 1982లో విడుదలకు ముందు కొన్నిచోట్ల జనానికి వేసి చూపిస్తే సరిగ్గా అర్థం కాలేదన్నారు. స్టూడియోకి టెన్షన్ పట్టుకుంది. హీరో హారిసన్ ఫోర్డ్ చేత వాయిస్ ఓవర్ చెప్పించారు, చివర్లో అతను వేసిన డెకర్డ్, ప్రేయసి రేచల్ పచ్చటి కొండల మధ్య కారులో వెళ్లిపోయే సుఖాంతం అతికించారు. ఆ కొండల షాట్లు ఈ సినిమా కోసం తీసినవి కూడా కావు, స్టాన్లీ కుబ్రిక్ ద షైనింగ్ కోసం హెలికాప్టర్ నుంచి తీయించగా మిగిలిపోయిన ఫుటేజ్. అమెరికాలో విడుదలైంది ఇదే. బయటి దేశాలకు వెళ్లినదాంట్లో హింస ఇంకాస్త ఎక్కువ, రెప్లికెంట్ల (మనుషుల్లాగే ఉండేలా తయారుచేసిన కృత్రిమ జీవుల) నాయకుడు రాయ్ బాటీ తమను తయారుచేసిన టైరెల్ కళ్లలో వేళ్లు గుచ్చే చోట ఆ తేడా బాగా కనిపిస్తుంది. 1992లో డైరెక్టర్స్ కట్ వచ్చింది, వాయిస్ ఓవర్ తీసేశారు, సుఖాంతం తీసేశారు, డెకర్డ్‌కి ఒంటికొమ్ము గుర్రం కనిపించే చిన్న కలను చేర్చారు. పేరు డైరెక్టర్స్ కట్టే గానీ హడావుడిగా తయారైంది, అందులో స్కాట్‌కి పూర్తి స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ 2007 ఫైనల్ కట్‌లోనే దొరికింది. అయిదోది వర్క్ ప్రింట్, ఆ విడుదల ముందు షోలలో చూపించిన కాపీ.

ఫైనల్ కట్ బొమ్మ గురించి వంక పెట్టడానికేం లేదు. నెగటివ్‌ను 4కేలో (అంటే మామూలు బ్లూరే కంటే ఎక్కువ స్పష్టతతో) స్కాన్ చేశారు, 65 ఎంఎం అనే వెడల్పాటి ఫిల్ము మీద తీసిన ఎఫెక్ట్స్ షాట్లనైతే ఇంకా ఎక్కువ, 8కేలో. వాన, పొగ, నియాన్ లైట్లు, కిటికీలోంచి పడే వెలుగు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మొదట్లో ఎగిరే కార్లను పట్టి ఉంచిన తీగలు పాత కాపీల్లో తెలిసిపోయేవి, చెరిపేశారు. తప్పించుకున్న రెప్లికెంట్లు ఆరుగురు, ఒకడు చచ్చాడు అని డెకర్డ్‌కి బాస్ చెప్తాడు, మనకేమో నలుగురే కనిపిస్తారు, మరి అయిదోవాడు ఏమయ్యాడని ఇన్నేళ్లూ జనం బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. ఫైనల్ కట్‌లో చచ్చింది ఇద్దరని మార్చారు, లెక్క సరిపోయింది.

ఆ నలుగురిలో ఒకతె అయిన జోరా చనిపోయే సీను మాత్రం ఆపి ఆపి చూడాల్సినది. 1982లో ఆమె అద్దాలు బద్దలు కొట్టుకుంటూ పరుగెత్తేటప్పుడు అది డూప్ అని స్పష్టంగా తెలిసిపోతుంది, విగ్గు వేరు, మొహం వేరు. 2007లో ఆ పాత్ర వేసిన జోవానా కాసిడీనే మళ్లీ పిలిచి, అవే తల కదలికలు చేయించి, ఆమె మొహాన్ని డూప్ మొహం మీద అతికించారు. పాతికేళ్ల తేడా ఉన్న రెండు షూటింగులు ఒక్క షాట్‌లో కలిశాయన్నమాట, ఎక్కడ కలిపారో కళ్లు పెద్దవి చేసుకుని చూసినా పట్టుకోలేం. పాము అమ్మేవాడితో డెకర్డ్ మాట్లాడే చోట మాటలకూ పెదాలకూ పొంతన ఉండేది కాదు, దానికి హారిసన్ ఫోర్డ్ కొడుకు బెన్ ఫోర్డ్‌ని కూర్చోబెట్టి అతని నోటి కదలికలు తీసి తండ్రి మొహం మీద పెట్టారు. ఇలాంటి దిద్దుబాట్లతో నాకు ఏ పేచీ లేదు. అప్పుడు డబ్బో టైమో చాలక మిగిలిపోయిన పని ఇప్పుడు పూర్తి చేశారు, అంతే.

పావురం షాట్ దగ్గర కాస్త ఆలోచించాలి. రాయ్ బాటీ చచ్చిపోతూ వదిలేసిన పావురం పాత వెర్షన్లలో తెల్లవారినట్టున్న నీలాకాశంలోకి ఎగురుతుంది, అంతవరకూ అర్ధరాత్రి జోరువాన. ఫైనల్ కట్‌లో ఆకాశాన్ని చీకటి చేసి పక్క షాట్లతో కలిపారు. కంటికి ఇదే కరెక్ట్. కానీ ఒక్క క్షణం ఆ వానా ఆ చీకటీ ఆగిపోయినట్టు అనిపించే పాత షాట్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, పొరపాటున వచ్చిన అందమైనా అందమే.

నచ్చనిది రంగు. ఫైనల్ కట్ మొత్తాన్నీ కాస్త ఆకుపచ్చ వైపు లాగారు. మూడో డిస్కు పెట్టి అదే సీను 1982 వెర్షన్‌లో చూస్తే చర్మం రంగు దగ్గరే తేడా కొడుతుంది. పాతదే మేలని నా ఉద్దేశం, ఎవరికి కావాలంటే వాళ్లు పక్కపక్కన పెట్టి తేల్చుకోవచ్చు. ఈ అవకాశం స్టార్ వార్స్ అభిమానులకు లేదు. 1997లో దాని డైరెక్టర్ జార్జ్ లూకాస్ మార్చినప్పటి నుంచి డీవీడీకి కొన్ని మార్పులు, బ్లూరేకి మరికొన్ని, 1977లో జనం చూసిన రూపం మాత్రం 2006లో ఒకసారి అదనపు డీవీడీగా వచ్చింది, అదీ 1993 నాటి లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందు తరం డిస్కు) కోసం తయారైన మాస్టర్ నుంచి తీసి ఇచ్చారు. తన సినిమాను మార్చుకునే హక్కు డైరెక్టరుకు ఉంది, కాదనను. మనం డబ్బులిచ్చి చూసి గుండెల్లో పెట్టుకున్నదాన్ని లేకుండా చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఈ సెట్టులోనూ లోపాలున్నాయి. అమెరికా, అంతర్జాతీయ, 1992 వెర్షన్లు మూడూ ఒకే డిస్కులో ఉన్నాయి, తేడా ఉన్న ముక్కలు వచ్చినప్పుడు ప్లేయరే అటూ ఇటూ మారుతుంది. ఎక్కడా ఆగదు, తెలివైన పనే, కానీ వాటికి ఫైనల్ కట్‌కి పడినంత శ్రద్ధ పడలేదు, బొమ్మ అంత శుభ్రంగా లేదు. 1982 వెర్షన్ కూడా అంతే బాగా చేసి ఉంటే ఇంకేం కావాలి! వర్క్ ప్రింట్ గరుగ్గా ఉంటుంది, చివర్లో ఈ సినిమాకి వాంజెలిస్ చేసిన సంగీతం బదులు తాత్కాలికంగా వేసిన వేరే సంగీతం వినిపిస్తుంది. అయినా నాకు విలువైనదే. సినిమా ఎలా తయారవుతుందో నేర్చుకునేవాళ్లకు ఇదీ, మూడున్నర గంటల డేంజరస్ డేస్ డాక్యుమెంటరీ చాలు, ఆ డాక్యుమెంటరీలో అప్పటి గొడవల్ని పాల్గొన్నవాళ్ల నోటనే చెప్పించారు. తీసేసిన సీన్లు ఇంకో డిస్కులో ఉన్నాయి, అవీ వదలొద్దు.

2017లో 4కే డిస్కు వచ్చింది, ఫైనల్ కట్‌కి అది ఇంకా మెరుగ్గా ఉంది. పాత వెర్షన్లను మాత్రం 4కేకి తేలేదు, కాబట్టి అది కొన్నారని ఈ సెట్టు అమ్మేయకండి. కొత్తగా చూసేవాళ్లు ముందు 1982 అమెరికా వెర్షన్ చూడండి, వాయిస్ ఓవర్ విసిగించినా సరే పూర్తిగా చూడండి, కొన్నాళ్లాగి ఫైనల్ కట్ పెట్టండి. వర్క్ ప్రింట్ అన్నిటికంటే చివర.