మ్యూయాక్ టేపు: రంగు ఒక్కటే చూస్తే సగం పనే

పేదల బస్తీలో పిల్లలకు అన్నం పెట్టి, చదువు చెప్పే కేంద్రానికి కావాల్సిన సామానులో అన్నిటికన్నా చిన్నది జబ్బ చుట్టుకొలత తీసే పట్టీ. ఆరోగ్య కార్యకర్తలు మ్యూయాక్ టేపు అంటారు. బరువు యంత్రం, ఎత్తు కొలిచే పలక ఇరుకు గదిలో ఇమడవు, సందుల్లో ఇంటింటికీ మోసుకెళ్లలేం. ఇదైతే జేబులో పడుతుంది, బిడ్డకు నిమిషం చాలు. ప్రతి కేంద్రంలోనూ ఉండాల్సిందే. కానీ వాడకం తెలియకపోతే తప్పుడు ధైర్యం ఇస్తుంది.

టేపు మీద మూడు రంగులుంటాయి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఎరుపు, అంటే తీవ్ర పోషణ లోపం. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, మధ్యస్థ లోపం. 12.5, ఆపైన ఆకుపచ్చ. ఈ హద్దులు 6 నుంచి 59 నెలల పిల్లలకే పనిచేస్తాయి. బడి ఈడు పిల్లలకు ఇదే టేపు చుడితే, ఏడేళ్ల పిల్ల బక్కచిక్కి ఉన్నా ఆకుపచ్చ చూపించవచ్చు. వాళ్లకు ఎత్తు, బరువు తీసి వయసుకు తగ్గ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) చూడాలి.

కొనేటప్పుడు ముందు ఎరుపు ఎక్కడ ముగుస్తుందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2009లో హద్దును 11.0 నుంచి 11.5కు పెంచాయి. పాత టేపుతో కొలిస్తే ఆ మధ్యలో ఉన్న పిల్లలందరూ జారిపోతారు. జిరాక్స్ తీసిన టేపులు అసలు వద్దు. కాపీ 3 శాతం కుదించుకుపోతే 11.5 దగ్గర దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది, బిడ్డ రంగే మారిపోతుంది. కొన్నది ఏదైనా స్టీలు స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోవాలి. ముడత పడ్డా, కొస దూర్చే చీలిక దగ్గర చిరిగినా పారేయడమే.

కొలిచే తీరు ఇది. ఎడమ చేతి చొక్కా పూర్తిగా తీయాలి. మోచేతిని లంబకోణంలో మడిచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి వదులుగా కిందికి వేలాడనివ్వాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. మడిచిన చేతికే టేపు చుడితే కండ ఉబ్బి కొలత ఎక్కువ వస్తుంది. టేపు కొసను చీలికలోంచి లాగి, చర్మానికి అంతటా తాకేలా, నొక్కుకోకుండా చూసి, బాణం గుర్తు దగ్గర మిల్లీమీటరుతో సహా చదవాలి. బిగిస్తే కొలత తగ్గి బాగున్న బిడ్డ కూడా పసుపులో పడుతుంది. వదులైతే లోపమున్న బిడ్డ తప్పిపోతుంది, ఇదే ఎక్కువ ప్రమాదం. ఏడ్చి పెనుగులాడే బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, నెమ్మదించాక మళ్లీ కొలవండి.

టేపు పట్టుకోలేనిది ఒకటుంది: వాపు. రెండు పాదాల పైభాగాన బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదిలినప్పుడు రెండిటా గుంట మిగిలితే, టేపు ఏ రంగు చూపినా అది తీవ్ర లోపమే. ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లల్లో కొందరు కూడా టేపుకు చిక్కరు. అందుకే వీలున్నచోట తూకం మానకూడదు.

పుస్తకంలో రంగు రాయకండి, అంకె రాయండి. ఒక నెల 13.6, మరుసటి నెల 13.1, ఆపైన 12.7 వచ్చిన బిడ్డ మూడుసార్లూ ఆకుపచ్చే. కానీ ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది: విరేచనాలో, పని పోవడమో, తల్లి పనికెళ్తే తినిపించేవాళ్లు లేకపోవడమో. అడగాల్సింది అప్పుడే.

ఎరుపు వచ్చిన బిడ్డకు కేంద్రంలో ఇంకో గరిటె వడ్డించి సరిపెట్టుకోవడం పెద్ద పొరపాటు. ఒంట్లో దాగిన ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, మందులు కావాలి, విటమిన్లూ ఖనిజాలూ కలిపిన చికిత్సాహారం కావాలి. ఆ ప్యాకెట్ ఒక్కోటి 92 గ్రాములు, 500 కిలోకేలరీలు. వైద్య సిబ్బంది చూసి ఇవ్వాల్సినది అది. తినడానికి నిరాకరించినా, జ్వరమున్నా, పాదాలు వాచినా, మత్తుగా పడి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి పంపాలి. పంపి ఊరుకోకుండా, వెళ్లారో లేదో కనుక్కోవాలి.

కొలతలు పాఠం మధ్యలో పెట్టుకోవద్దు. ముప్పై మందికి అరగంట పోతుంది, ఆపైన పిల్లల మనసు చదువు మీదికి రాదు. తల్లులు దింపి వెళ్లే వేళ, నలుగురిలో కాకుండా ఒక పక్కన చేయండి. రంగు పైకి చదివితే సాటి పిల్లలు ఆ పేరుతోనే పిలుస్తారు, ఆ బిడ్డ మర్నాటి నుంచి రాదు.

వీలైతే తల్లికీ ఒక టేపు ఇచ్చి నేర్పండి. జబ్బ మధ్యభాగాన్ని కంటితో అంచనా వేసినా తల్లులు బాగానే కొలుస్తారు. ఇల్లు ఖాళీ చేసి వేరే బస్తీకి వెళ్లిపోయే కుటుంబాల్లో, మన పుస్తకం ఇక్కడే ఉండిపోయినా టేపు బిడ్డతోపాటు వెళ్తుంది.