రెండు వైపుల రబ్బరు ప్యాడ్: కోనసీమ తడిగాలిలో మూడేళ్ళ వాడకం

మార్చింగ్ బ్యాండులో సైడ్ డ్రమ్ము సెలెక్షన్‌కి తయారయ్యేవాళ్ళు డ్రమ్ముకి బదులు ఇంట్లో సాధనకని ముందుగా కొనేది ఈ ప్యాడే. అడ్డంగా 12 అంగుళాలు. మధ్యలో ఎం.డి.ఎఫ్. బోర్డు (చెక్కపీచుని జిగురుతో అదిమి చేసింది), ఒకవైపు మెత్తటి గమ్ రబ్బరు, రెండోవైపు నల్లటి గట్టి రబ్బరు. రోజుకి గంట చొప్పున మూడేళ్ళు వాడాక మా మాట ఇది: కొనొచ్చు. కానీ ప్యాడ్ మీద వచ్చిందంతా డ్రమ్ము మీదా వస్తుందనుకుంటే సెలెక్షన్ రోజున దెబ్బతింటారు.

కారణం రబ్బరు ఎగురు. గమ్ రబ్బరు మీద కర్ర పడీపడగానే పైకి లేస్తుంది. డబుల్ స్ట్రోక్‌లో (ఒకే చేత్తో వెంటవెంటనే రెండు దెబ్బలు) మొదటి దెబ్బ మణికట్టు కొడుతుంది, రెండోది రబ్బరే కొట్టి పెడుతుంది. వేళ్ళు పనిచేయకపోయినా రోల్ (దెబ్బలు కలిసిపోయి ఎడతెగక మోగడం) నున్నగా వినిపిస్తుంది. స్కూళ్ళలో, కాలేజీల్లో మూలన ఉండే సైడ్ డ్రమ్ముకి అంత బిగువు ఉండదు. దాని మీద అదే రోల్ వాయిస్తే రెండో దెబ్బ చచ్చిపోయి, కుంటుతున్నట్టు వినిపిస్తుంది.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. తుండుగుడ్డని రెండు మడతలు వేసి ప్యాడ్ మీద పరవండి. మెట్రోనోమ్ (బీటు కొట్టి చూపే యంత్రం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, బీటుకి నాలుగు దెబ్బల చొప్పున కుడి కుడి ఎడమ ఎడమ వాయించండి. గుడ్డ మీద ఎగురు ఉండదు కాబట్టి రెండో దెబ్బని వేళ్ళు మూసి కొట్టక తప్పదు. అయిదు నిమిషాలు గుడ్డ మీద, అయిదు నిమిషాలు నల్ల రబ్బరు మీద, ఆఖరున గమ్ రబ్బరు మీద. ఈ వరస తిరగేస్తే ఫలితం ఉండదు, సులువైనది అలవాటయ్యాక చెయ్యి కష్టమైనదాన్ని ఒప్పుకోదు. మోచేతి కింద సలుపు మొదలైతే కర్రని పిసికి పట్టుకుంటున్నారని అర్థం. ఆపి, పట్టు వదులు చేసుకుని మళ్ళీ మొదలుపెట్టండి.

కర్రల సంగతి. డ్రమ్ సెట్ వాయించేవాళ్ళ 5ఎ కర్ర 14 మిల్లీమీటర్ల మందం, మార్చింగ్‌కి చాలదు. మార్చింగ్ కర్ర దాదాపు 17 అంగుళాల పొడవు, 17–18 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మొదట్లో 15 మిల్లీమీటర్ల 5బి తీసుకుని, రెండు నెలలకి మార్చింగ్ కర్రకి మారితే మణికట్టుకి ఇబ్బంది ఉండదు. కొనేటప్పుడు గచ్చు మీద దొర్లించి చూడండి, మొన ఎగిరెగిరి పడితే కర్ర వంకర. రెంటినీ ప్యాడ్ మీద ఒక్కొక్కటీ తట్టి వినండి, శబ్దం ఒకే స్థాయిలో ఉంటేనే జత. శ్రావణ భాద్రపదాల ముసురులో గోడకి చేరేసిన కర్ర వంగుతుంది. బల్ల మీద పడుకోబెట్టి ఉంచాలి.

తర్వాతది ఎత్తు. ప్యాడ్ వెనక గోడకి అంగుళాల స్కేలు అతికించి, ఫోను ప్యాడ్ ఎత్తులోనే నిలబెట్టి వీడియో తీయండి. ఒత్తు దెబ్బ 9 అంగుళాల నుంచి, మామూలు దెబ్బ 3 అంగుళాల నుంచి రావాలి. అందరూ తప్పేది ఒత్తు తర్వాతి దెబ్బలో. రబ్బరు కర్రని పైకి తోసేస్తుంది, 3 కావలసిన చోట 5 అవుతుంది. ఒత్తు కొట్టిన కర్రని ప్యాడ్‌కి దగ్గరగా అక్కడికక్కడే ఆపడం విడిగా నేర్చుకోవాలి. వీడియో చూడకుండా ఇది తెలియదు, చెవికి అన్నీ బాగానే ఉంటాయి.

లెక్కకి తకధిమిని మించింది లేదు. బీటుని నాలుగు సమాన భాగాలు చేసి, ఒత్తుని మొదట నాలుగుసార్లు ‘త’ మీద, తర్వాత నాలుగుసార్లు ‘క’ మీద, అలాగే ‘ధి’, ‘మి’ల మీదికి జరపండి. 80తో మొదలుపెట్టి, తప్పు లేకుండా రెండు నిమిషాలు నడిస్తేనే 4 పెంచండి. జాతరల్లో తీన్‌మార్ వాయించి వచ్చిన కుర్రాళ్ళకి బలం, ఓపిక ముందే ఉంటాయి, అది చిన్న ఆస్తి కాదు. కాకపోతే ఆ లయలో మూడు లెక్కల తకిట ఊగు ఉంటుంది. తకధిమి సమంగా వాయించాల్సిన చోట అది తెలియకుండానే దూరిపోతుంది. ‘క’, ‘మి’ ఆలస్యంగా పడుతున్నాయంటే కారణం ఇదే.

రూడిమెంట్లు, అంటే డ్రమ్ము దెబ్బల మూల పాఠాలు, 40 ఉన్నాయని గాభరా పడకండి. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖాయం చేసిన జాబితా అది. సింగిల్, డబుల్, పారడిడిల్ (కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ), ఫ్లామ్ (చిన్న దెబ్బ, దాన్ని అంటుకునే రెండో చేతి పెద్ద దెబ్బ), 5, 7, 9 దెబ్బల రోల్స్ శుభ్రంగా వస్తే మిగతావి వీటి పిల్లలే. ఫ్లామ్ ఒక్కటి ప్యాడ్ మీద నమ్మకండి. రెండు కర్రలూ ఒకేసారి పడ్డా రబ్బరు దాచేస్తుంది, డ్రమ్ము బయటపెడుతుంది.

ప్యాడ్‌ని బల్ల మీద పెట్టి కూర్చుని వాయిస్తే సగం చదువే. స్టాండు మీద బొడ్డుకి నాలుగు వేళ్ళ కింద ఉండేలా పెట్టి, నిలబడి కదం తాల్ (ఉన్నచోటే అడుగులు) వేస్తూ వాయించండి. మొదటి బీటుకి ఎడమ కాలు. క్విక్ మార్చ్‌కి నిమిషానికి 120 అడుగులు, స్లో మార్చ్‌కి 70 పెట్టుకోండి. ఒత్తు ‘క’ మీదో ‘మి’ మీదో పడ్డప్పుడు కాలు చెయ్యి వెనక పరిగెడుతుంది. చెయ్యి ఆపేసి, నోటితో తకధిమి అంటూ కాలు మాత్రం నడిపిస్తే రెండు రోజుల్లో దారికొస్తుంది.

భుజాన పట్టాతో వేలాడే పాతరకం డ్రమ్ము ఎడమ తొడ దగ్గర ఉండి కుడివైపుకి వాలుతుంది. ఎడమచేతి ట్రెడిషనల్ గ్రిప్ (అరచెయ్యి పైకి ఉంచి కర్ర పట్టడం) పుట్టింది అందుకే. మీ బ్యాండులో అలాంటి డ్రమ్ములే ఉంటే ప్యాడ్ ఎడమ అంచు కింద అంగుళంన్నర చెక్కముక్క పెట్టి సాధన చేయండి. చదునుగా నేర్చుకున్న ఎడమచెయ్యి వాలు మీద అంచుని తగులుతూ ఉంటుంది.

ప్యాడ్ అసలు నేర్పలేనిది జాతీయగీతం ముందు వాయించే రోల్. కేంద్ర హోం శాఖ ఉత్తర్వుల ప్రకారం అది స్లో మార్చ్‌లో 7 అడుగులు: నెమ్మదిగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్ళీ మొదటి మెత్తదనానికి దిగి, ఏడో అడుగు దాకా వినిపిస్తూనే ఉండాలి. ఆపైన ఒక బీటు మౌనం, అప్పుడు గీతం. 70 లెక్కన ఏడడుగులంటే సరిగ్గా 6 సెకన్లు. ఆ ఆరింట్లో కర్ర ఎత్తు అంగుళం నుంచి ఎనిమిదికి పెరిగి మళ్ళీ అంగుళానికి రావాలి. ప్యాడ్ మీద మెత్తన, గట్టి రెండూ ‘టప్’మనే వినిపిస్తాయి, పైగా డ్రమ్ము అడుగున గరగరలాడే స్నేర్ తీగల సంగతే దానికి లేదు. ఆఖరి రెండడుగుల్లో రోల్ చిరిగిపోవడం డ్రమ్ము మీదే బయటపడుతుంది. వారానికి రెండుసార్లైనా అసలు డ్రమ్ము మీద వాయించవలసింది ఇందుకే. డ్రమ్ము బిగించేటప్పుడు ఎదురెదురు బోల్టులు అరచుట్టు చొప్పున తిప్పండి. ప్లాస్టిక్ తోలు తడికి సడలదు గానీ బోల్టులు తుప్పుపడతాయి, మరలకి కాస్త వాజిలీన్ రాస్తే చాలు.

ఇక మన్నిక. మొదటి ఏడాది ఏ ఫిర్యాదూ లేదు. రెండో వానాకాలంలో అంచు దగ్గర బోర్డు తేమ పీల్చి ఉబ్బింది, రబ్బరు ఒక పక్క లేచింది. లేచిన చోట దెబ్బ బోలుగా మోగుతుంది. గమ్ రబ్బరు నడిమధ్య అయిదు రూపాయల బిళ్ళంత మేర నున్నబడి మెరుస్తోంది, వాయించడానికి అడ్డు లేదు. ఎక్కువ చెడగొట్టింది కొబ్బరినూనె. తలకి రాసుకున్న చేత్తో ముట్టుకుంటే సహజ రబ్బరు నూనె పీల్చి ఉబ్బి, జిగటబడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ముట్టుకోవాలి. ఎండలో ఆరబెట్టకూడదు, పగుళ్ళిస్తుంది.

బోర్డు ఉబ్బితే ప్యాడ్ పారేయక్కర్లేదు. వడ్రంగి దగ్గర 18 మిల్లీమీటర్ల బి.డబ్ల్యు.పి. (మరిగే నీళ్ళకీ ఆగే రకం) ప్లైవుడ్ 12 అంగుళాల గుండ్రంగా కోయించండి, తడికి ఆగేది అదే. రబ్బరుని హెయిర్ డ్రయ్యర్ వేడితో అంచు నుంచి మెల్లగా లాగి ఊడదీసి, పాత జిగురు గీకేయండి. ఫెవికాల్ ఎస్.ఆర్. లాంటి కాంటాక్ట్ జిగురుని రబ్బరుకీ చెక్కకీ రెంటికీ పలచగా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక, పది పదిహేను నిమిషాలకి, ఒక అంచు నుంచి గాలి పోయేలా వత్తుకుంటూ అతికించాలి. తడి జిగురు మీద వేస్తే జారిపోయి బుడగలు మిగులుతాయి. ప్లైవుడ్ అంచుకి రెండు పూతలు వార్నిష్ వేసి, బరువు కింద ఒక రోజు ఉంచితే సరి.