పొదుగు కోడి కొంటున్నారా? గంప పూర్తిగా ఎత్తి చూడకుండా డబ్బు ఇవ్వకండి

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళందరికీ, ముఖ్యంగా పొదిగే పెట్ట, పుంజు, గుడ్లు కలిపి ఒకే సెట్‌గా కొందామనుకునేవాళ్ళకి ఇది రాస్తున్నాను. నేను అలా కొని నష్టపోయాను. డబ్బు పోయిన బాధ కన్నా, నా పెట్ట ఒకటి చావుదాకా వెళ్ళొచ్చిందన్న బాధే ఎక్కువ.

నాకు నాలుగు పెట్టలున్నాయి. ఏవీ పొదుగుకు రావడం లేదు. అమ్మే మనిషి గంపను బెత్తెడు ఎత్తి చూపించాడు. లోపల గోధుమరంగు పెట్ట గుడ్ల మీద ముడుచుకుని ఉంది. "పది గుడ్లండీ, అన్నీ ఈ పుంజువే. చెయ్యి మాత్రం పెట్టకండి, కదిపితే పొదుగు మానేస్తుంది" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే నమ్మాను. పొదిగే కోడిని చోటు మారిస్తే నిజంగానే లేచిపోవచ్చు. ఆ నిజాన్ని అడ్డుపెట్టుకుని నన్ను చూడనివ్వలేదని ఇంటికొచ్చాకే అర్థమైంది.

మరుసటి రోజు పొద్దున గంప తీయగానే పెట్ట ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తింది. నిజంగా పొదుగులో ఉన్న కోడి రోజుకు ఒకసారి లేచి, గబగబా గింజలు తిని, నీళ్ళు తాగి, ఒకేసారి పెద్ద రెట్ట వేసి, సుమారు అరగంటలో తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఇది మధ్యాహ్నమైనా గుడ్ల వైపు రాలేదు. సాయంత్రం పట్టుకుని మళ్ళీ మూశాను. తెల్లారి చూస్తే దాని కాళ్ళ కింద రెండు గుడ్లు పగిలి ఉన్నాయి.

అప్పుడు గంపలోని గడ్డిని సరిగ్గా చూశాను. దాని నిండా చిన్న చిన్న రెట్టలు, గుడ్లకు కూడా అంటుకుని ఉన్నాయి. పొదిగే కోడి తన గూడు అలా పాడుచేసుకోదు. పెట్టను ఒళ్ళో పెట్టుకుని చూస్తే రొమ్ము మీద ఈకలు నిండుగా ఉన్నాయి. పొదుగులో ఉన్నదానికి అక్కడ ఈకలు రాలి, వేడి చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. ఇక ముక్కు చూశాక గుండె జారిపోయింది. పై ముక్కు కొన మొద్దుగా కత్తిరించి ఉంది. గుడ్ల ఫారాల్లో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా అలా కత్తిరిస్తారు. అంటే ఇది ఫారం వాళ్ళు గుడ్లు తగ్గాయని తీసేసిన కోడి. గుడ్ల కోసం తయారుచేసిన ఆ రకాల్లో పొదుగు గుణం దాదాపు లేకుండా చేశారు, వాటిలో పొదుగుకు వచ్చేవి చాలా అరుదు. గంప చీకట్లో భయంతో ముడుచుకున్నదాన్ని నేను పొదుగు అనుకున్నాను.

మిగిలిన ఎనిమిది గుడ్లను పక్కింటి వాళ్ళ పెట్ట కింద పెట్టాను. ఏడో రాత్రి చీకట్లో టార్చి వేసి చూస్తే రెండింట్లోనే సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపించాయి. ఆరు ఖాళీ. రెండు రోజులు చల్లబడి కొన్ని పోయి ఉండొచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ ఫోన్ చేసి గట్టిగా అడిగితే, గుడ్లు పెట్టిన తన పెట్టల్లో ఈ పుంజును వదిలి నాలుగు రోజులే అయిందని అతనే చెప్పాడు. పది గుడ్లలో చాలావరకు అంతకుముందే ఏరినవి. 21వ రోజుకి ఒక్క పిల్ల బయటికొచ్చింది.

ఇక పుంజు సంగతి. నా దగ్గర ఎన్ని పెట్టలున్నాయో అతను అడగలేదు, నేనూ ఆలోచించలేదు. మామూలుగా ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలి. నాలుగే ఉంటే పుంజు పదేపదే ఎక్కే భారమంతా వాటి మీదే పడుతుంది. పైగా ఇది ముదురు పుంజు, కాలి వెనక ఉండే ముల్లు నా చిటికెన వేలంత ఉంది. మూడో రోజుకే ఒక పెట్ట వీపు మీద ఈకలు ఊడాయి. ఈకలు మార్చుకుంటోందేమో అనుకుని ఊరుకున్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఆరో రాత్రి అది దండెం ఎక్కకుండా నేల మీదే కూర్చుంది. ఎత్తి రెక్క పైకి తీస్తే పక్క మీద, పుంజు ఎక్కినప్పుడు ముల్లు చీల్చిన చోట, నాలుగు వేళ్ళంత చీలిక, లోపలి మాంసం కనిపిస్తోంది. బయటి నుంచి చూస్తే ఒక్క రక్తపు చుక్క లేదు, ఈకలు మొత్తం కప్పేశాయి. పశువైద్యుడు కుట్లు వేశాడు. ఇప్పుడు విడిగా ఉంది, తింటోంది. పుంజును వేరే గదిలో పెట్టి ముల్లు కొన అరగదీశాను.

కాబట్టి కొనేటప్పుడు మొహమాటపడకండి. చీకటి పడ్డాక వెళ్ళండి. గంప మొత్తం తీయించి, పెట్ట కిందికి చెయ్యి పోనివ్వండి. నిజమైన పొదుగు కోడి ఈకలు ఉబ్బించి, కుర్రుమని, పొడుస్తుంది కానీ గుడ్ల మీద నుంచి లేవదు. అమ్మేవాళ్ళు ముట్టుకోనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. తెచ్చాక కూడా రాత్రిపూటే గూట్లో పెట్టి, రెండు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, నిలిచిందనుకున్నాకే అసలు గుడ్లు అన్నీ ఒకేసారి పెట్టండి. పుంజు కాళ్ళు కూడా పట్టి చూడండి, పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే కాళ్ళకు పురుగు పట్టిందని అర్థం, అది మీ మందకంతా అంటుతుంది. ఏ కోడినైనా కనీసం మూడు వారాలు మీవాటితో కలపకండి.

ఇప్పటికే తక్కువ పెట్టల్లో కొత్త పుంజును వదిలినవాళ్ళుంటే, ఈ రాత్రి అవి దండెం ఎక్కాక ఒక్కోదాన్నీ దించి, రెండు రెక్కల కిందా లైటు వేసి చూడండి.