జావాలో తేదీ ముద్రించడానికి ఏది మేలు: సింపుల్‌డేట్‌ఫార్మాటా, డేట్‌టైమ్‌ఫార్మాటరా?

రెండూ తేదీని మనకు కావాల్సిన రూపంలో రాసిపెట్టే జావా క్లాసులే; మొదటిది పాతది, రెండోది కొత్తది. కొత్తగా కోడ్ రాస్తుంటే తర్జనభర్జన అక్కర్లేదు. 2014లో జావా 8తో వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటరే వాడాలి. విశాఖలోని మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో పాత ప్రాజెక్టులు చూసుకునేవాళ్లకే అసలు తగువు: నడుస్తున్నదాన్ని కదపాలా?

సింపుల్‌డేట్‌ఫార్మాట్ లోపల ఒక క్యాలెండర్ ఉంటుంది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ అదే మారుతుంది. దాన్ని స్టాటిక్‌గా (ప్రోగ్రామంతటికీ ఒక్కటే) పెట్టి నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) పంచుకుంటే ఒకరి బిల్లు మీద ఇంకొకరి తేదీ పడుతుంది. టెస్టింగ్‌లో ఒక్కరే నొక్కుతారు కనుక దొరకదు, రద్దీలోనే బయటపడుతుంది. మెథడ్ లోపల ఎప్పటికప్పుడు కొత్తది సృష్టించుకుంటుంటే మాత్రం దాని జోలికి పోనక్కర్లేదు. డేట్‌టైమ్‌ఫార్మాటర్ ఒకసారి తయారయ్యాక మారదు, స్టాటిక్‌గా నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

టైమ్‌జోన్ దగ్గర తేడా ఇంకా పెద్దది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున 4 గంటలకు రసీదు కొట్టారనుకోండి. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) అప్పటికి ముందురోజు రాత్రి 10:30. సర్వర్ యూటీసీలో ఉండి, సెట్‌టైమ్‌జోన్ రాయడం మరిచిపోతే సింపుల్‌డేట్‌ఫార్మాట్ కిక్కురుమనకుండా నిన్నటి తేదీ వేసేస్తుంది. డేట్‌టైమ్‌ఫార్మాటర్‌కు జోన్ చెప్పకుండా ఇన్‌స్టంట్ (జోన్ లేని ఒక క్షణం) ఇస్తే ఎక్సెప్షన్ (పని ఆపేసే లోపం) విసురుతుంది. ఆ గోలే మనకు కావాల్సింది. అయితే ఇప్పటి సమయం కోసం లోకల్‌డేట్‌టైమ్ నౌ అని ఊరికే పిలిస్తే అదీ సర్వర్ జోన్‌నే పట్టుకుంటుంది. జోన్ పేరు ఏషియా/కోల్‌కతా అని పూర్తిగా ఇవ్వాలి. ఉత్త ఐఎస్‌టీ అంటే జోన్ పేరు చదివే జోన్‌ఐడీ క్లాస్ ఒప్పుకోదు.

తేదీ ఏ రూపంలో రావాలో చెప్పే నమూనా అక్షరాల తప్పుల్ని మాత్రం రెండూ కాయవు. సంవత్సరానికి చిన్న వై నాలుగు కొట్టాలి. పెద్ద వై కొడితే వారాల లెక్కన వచ్చే సంవత్సరం పడుతుంది: 31-12-2024 కాస్తా 31-12-2025 అవుతుంది. ఏడాది మారే రోజుల్లో తప్ప ఈ తప్పు కంటపడదు. నెలకు పెద్ద ఎం, చిన్నది నిమిషాలకు. తేదీకి చిన్న డి. పెద్దదైతే ఏడాదిలో ఎన్నో రోజో చెబుతుంది.

నెల పేరు తెలుగులో కావాలంటే రెండింటికీ తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం అమరిక) ఇస్తే చాలు. జావా 9 నుంచి సీఎల్‌డీఆర్ (భాషలవారీ పేర్లు, తేదీ రూపాల భాండారం) సమాచారమే డిఫాల్ట్ కనుక ‘ఆగస్టు’ అని చక్కగా వస్తుంది.

పాత కోడ్‌ను కొత్తదానికి మార్చేటప్పుడు జావా పాత డేట్ క్లాస్ విలువను టుఇన్‌స్టంట్‌తో, ఆపైన ఎట్‌జోన్‌తో తిప్పుకోవాలి. డేటాబేస్ నుంచి వచ్చే ఎస్‌క్యూఎల్ డేట్ మీద టుఇన్‌స్టంట్ పిలిస్తే ఎక్సెప్షనే. దానికి టులోకల్‌డేట్ వాడాలి. అలా వచ్చినదానికి గంటలున్న నమూనా ఇచ్చినా మళ్లీ ఎక్సెప్షనే, ఎందుకంటే అందులో సమయమే లేదు.