మంచం పట్టీకి బిగించే మడత బల్ల: పలక కాదు, క్లాంపు చూసి కొనండి

మంచం మీదే ఉండాల్సిన పేషెంటు కూర్చుని భోజనం చేయడానికి, మందులు వేసుకోవడానికి, పుస్తకమో ఫోనో పెట్టుకోవడానికి ఈ బల్ల బాగానే పనికొస్తుంది. చక్రాల బల్లలా నేల మీద చోటు అడగదు, మంచం కింద కాళ్లు దూర్చే సందు లేకపోయినా ఫరవాలేదు. అయితే కొనేవాళ్లందరూ పలక నునుపు, రంగు, కప్పు పెట్టుకునే గుంట చూస్తారు. వాడుకలో ఏడిపించేది మాత్రం క్లాంపు, అంటే బల్లను మంచానికి బిగించే పట్టు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దాని గురించే.

వాడింది ఇలాంటిది: 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 16 మి.మీ. మందం ఉన్న పార్టికల్ బోర్డు పలక, పైన మైకా. 25 మి.మీ. ఉక్కు పైపు, అందులోకి జారే 22 మి.మీ. పైపు, వీటితో ఎత్తు మారుతుంది. కింద సి ఆకారంలో క్లాంపు, దానికి ఎం8 (8 మి.మీ.) బోల్టు నాబ్. క్లాంపు నోరు 45 మి.మీ. దాకా తెరుచుకుంటుంది. అక్కర లేనప్పుడు పలక నిలువుగా లేచి, మంచం బయటి వైపుకు వాలి, పక్క పట్టీకి ఆనుకుని వేలాడుతుంది.

ముందు లెక్క. బల్ల కాలు, అంటే ఆ నిలువు పైపు, మంచానికి ఒక పక్కనే ఉంటుంది, బరువంతా ఆ కాలికి దూరంగా పేషెంటు ఒడి మీద పడుతుంది. పలక అవతలి అంచు క్లాంపు నుంచి సుమారు 60 సెం.మీ. ఉంటుందనుకుంటే, అక్కడ 5 కిలోలు పెట్టినప్పుడు క్లాంపు మీద పడే మెలి (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది) 300 కిలో-సెం.మీ. క్లాంపు దవడ (పట్టీని అదిమి పట్టే భాగం) ఎత్తు 5 సెం.మీ. అయితే దాని పై అంచు, కింది అంచు ఒక్కోటి 60 కిలోల బలాన్ని తట్టుకోవాలి. దవడ 10 సెం.మీ. ఉంటే అది 30 కిలోలకు దిగుతుంది. పైన ఒకటి, కింద ఒకటిగా 25 సెం.మీ. ఎడంతో రెండు క్లాంపులుంటే 12 కిలోలే. ఒకే పొట్టి క్లాంపు ఉన్న బల్ల ఎంత గట్టిగా బిగించినా కొన్నాళ్లకు ముందుకు వాలడానికి కారణం ఇదే. బోల్టు నాసిరకం కావడం కాదు, దవడ పొట్టిది కావడం. కాబట్టి స్కేలు పెట్టి కొలవాల్సిన మొదటి సంగతి దవడ ఎత్తు. 8 సెం.మీ. కన్నా తక్కువుంటే వదిలేయడమే మంచిది.

5 కిలోలు మరీ ఎక్కువ అనిపించవచ్చు. కానీ మనిషి ఒక్కో చేయి ఒంటి బరువులో సుమారు 5 శాతం. 60 కిలోల మనిషి రెండు మోచేతులూ పలక మీద ఊరికే ఆనిస్తేనే, కంచం, నీళ్ల సీసా లెక్కలోకి రాకముందే ఆరు కిలోల దగ్గరికి పోతుంది. పెట్టె మీద రాసే బరువు పరిమితి సాధారణంగా పలక మధ్యలో, కదలకుండా పెట్టిన బరువుకు. అంచున పడే బరువుకు అందులో సగమే నమ్మాలి.

రెండోది, దేనికి బిగిస్తున్నామన్నది. ఆసుపత్రి మంచాలకు ఉండే, కిందికి దించే అల్యూమినియం రెయిలింగు చూడగానే దీనికోసమే పెట్టినట్టు కనిపిస్తుంది. దానికి బిగించకూడదు. ఆ రెయిలింగు రివెట్ల మీద, పిన్నుల మీద నిలబడింది, పక్కకు తోస్తే మామూలుగానే ఒక సెంటీమీటరు ఊగుతుంది. ఆ ఊపు పలక చివర మూడు నాలుగింతలై కనిపిస్తుంది. పైగా క్లాంపు ఉన్నంతసేపూ రెయిలింగు దించలేం. తలవైపు విడిగా ఉండే రెయిలింగు అయితే ఇంకో చిక్కు: చాలా మంచాల్లో అది వీపు భాగంతో పాటే లేస్తుంది, కాబట్టి బల్ల కూడా దాంతో వంగుతుంది. బిగించాల్సింది మంచం అసలు చట్రానికి, పరుపు కింద కదలకుండా ఉండే పక్క పట్టీకి. అది చదరపు పైపో, యాంగిలో అయితే సమతలమైన దవడ చాలు. గుండ్రటి పైపు అయితే దవడకు వి ఆకారపు గాడి ఉండి తీరాలి. లేకపోతే దవడ పైపు చుట్టూ మెల్లగా తిరుగుతుంది, నాబ్ ఎంత తిప్పినా ఆగదు.

చెక్క మంచం పక్క చెక్కకు బిగిస్తే దవడ అచ్చు పడుతుంది, మెత్తటి చెక్కయితే లోపలికి దిగుతుంది కూడా. దవడకీ చెక్కకీ మధ్య దవడ కన్నా వెడల్పైన 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెడితే బరువు పరుచుకుంటుంది. పక్కలన్నీ మూసేసి, పక్క చెక్క అంచు పరుపు కన్నా పైకి రాని పెట్టె మంచానికి ఈ బల్ల కుదరదు. ఏదో ఒకటి చేసి తగిలించాలని చూడటం కన్నా మంచం మీద పెట్టే పొట్టికాళ్ల బల్ల తెచ్చుకోవడం నయం.

బిగించేటప్పుడు దుప్పటి అంచు గానీ, పరుపు గుడ్డ గానీ దవడ మధ్యలో పడకుండా చేత్తో తడిమి చూడాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ ‘బిగించినా వదులైపోతోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ గుడ్డే. గుడ్డ నలిగి పలచబడుతుంది, బోల్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దవడ రబ్బరు కూడా అంతే, కొత్తలో నలిగి కూర్చుంటుంది. అందుకని మొదటిసారి బిగించిన మర్నాడు నాబ్‌ను ఇంకోసారి బిగించాలి. ఆ తర్వాత దవడ అంచు వెంబడి పట్టీ మీద మార్కర్‌తో ఒక గీత గీస్తే, జారిందో లేదో రోజూ ఊహించాల్సిన పని లేదు. గీత కనిపించే తీరు చెప్పేస్తుంది. బిగింపు చేతి బలంతోనే ఉండాలి. నాబ్ మీద పైపు తొడిగి తిప్పితే పలచటి గొట్టాలు నొక్కుకుపోతాయి, నొక్కుకుపోయిన చోట క్లాంపు మళ్లీ ఎప్పుడూ సరిగా కూర్చోదు.

పరీక్ష సులువు. బల్ల విప్పి, అవతలి అంచున 5 కిలోలు పెట్టి ఎంత కుంగిందో కొలవండి. ఒక సెంటీమీటరు లోపయితే బాగున్నట్టే. రెండు సెంటీమీటర్లు కుంగితే పలక సుమారు రెండు డిగ్రీలు వాలినట్టు. అడుగున తడి ఉన్న గిన్నె ఆ వాలుకే మెల్లగా జరగడం మొదలెడుతుంది. కుంగుడు క్లాంపు దగ్గరా, కీలు దగ్గరా అన్నది తేల్చుకోవాలంటే ఒక చేత్తో కాలు పట్టుకుని, రెండో చేత్తో పలక చివర కదిలించాలి. కాలు కదలకుండా పలక ఊగితే తప్పు కీలుది. కీలు దగ్గర ఒక మిల్లీమీటరు వదులు పలక చివర పన్నెండు మిల్లీమీటర్లకు పైగా అవుతుంది (కీలు ప్లేటు 4 సెం.మీ., పలక 50 సెం.మీ. అనుకుంటే). అప్పుడు ఎం6 నట్లు తీసేసి నైలాన్ రింగు ఉన్న నట్లు వేస్తే నెలల తరబడి వదులు కావు. ఇంకా కాస్త వాలుగా ఉంటే, కీలు ప్లేటుకూ పలకకూ మధ్య కాలికి దగ్గరి వైపు స్క్రూల కింద గానీ దూరపు స్క్రూల కింద గానీ ఒక వాషరు పెట్టి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు చివర ఓ అర సెంటీమీటరు పైకి ఉంటే, బరువు పడ్డాక సమంగా వస్తుంది.

ఎత్తు పైపుకు రెండు రకాల ఆపుడులు వస్తాయి. ఒకటి పక్కనుంచి బిగించే మర. ఇంకోటి రంధ్రాల్లోకి టక్కున పడే స్ప్రింగు బొత్తాం. మర రకంలో బోల్టు కొస లోపలి పైపు మీద గుంట చేస్తుంది. తర్వాత ఎంత జరిపినా బోల్టు ఆ గుంటలోకే జారి కూర్చుంటుంది, మనకు కావాల్సిన ఎత్తు దొరకదు. మోచేయి గట్టిగా ఆనితే బల్ల ఉన్నట్టుండి కిందికి దిగడం కూడా ఈ రకంలోనే. బొత్తాం రకంలో ఎత్తు రెండున్నర సెంటీమీటర్ల మెట్లలోనే మారుతుంది, కానీ దిగదు. ఆ చిన్న అసౌకర్యం ఒప్పుకోదగ్గదే.

ఇక ఎంత ఎత్తులో పెట్టాలి? పేషెంటు కూర్చుని భుజాలు వదులుగా వదిలినప్పుడు, మడిచిన మోచేయి ఉండే ఎత్తుకు పలక రావాలి. తొడలకూ పలక అడుగుకూ మధ్య నాలుగు వేళ్ల సందు, పొట్టకూ అంచుకూ మధ్య అంతే. పుండ్లు పడకుండా గాలి పరుపు వేసి ఉంటే అది గాలి నిండాక కొలవాలి. పరుపు వేయకముందు కొలిచి కొన్న బల్ల, తీరా వేశాక పై రంధ్రంలో పెట్టినా తొడలకు తగలడం మామూలే.

మంచం తలవైపు కనీసం 60 డిగ్రీలైనా లేపితేనే ఈ బల్ల మీద తినడం సాఫీగా ఉంటుంది. 30, 40 డిగ్రీల దగ్గర మనిషి వెనక్కి వాలి ఉంటాడు, ముద్ద గడ్డం మీదుగా రావాలి. లేపే క్రమం ముఖ్యం: ముందు మోకాళ్ల భాగం కొద్దిగా, తర్వాత వీపు, ఆ తర్వాతే బల్ల. మోకాళ్లు లేపకుండా వీపు లేపితే మనిషి కిందికి జారుతూనే ఉంటాడు, నడుము కింది చర్మం రాచుకుంటుంది, పొట్ట వచ్చి పలక అంచుకు తగులుతుంది. బల్ల వేసి ఉండగా మంచం రిమోట్ ముట్టుకోకూడదు. మోటారు తొడలను పైకి నెడుతుంది, పలక కదలదు, మధ్యలో నలిగేది కాళ్లే. స్పర్శ తగ్గిన కాళ్లయితే పేషెంటు అరవడు కూడా. భోజనం కాగానే పడుకోబెట్టకుండా ఓ అరగంట కూర్చోబెట్టాలని చెబుతారు కదా, ఆ సేపు బల్ల మడిచేసి వీపు మాత్రం అలాగే ఉంచవచ్చు.

ఏ పక్క బిగించాలన్నది చాలామంది గోడ ఎటుందో చూసి తేలుస్తారు. చూడాల్సింది పేషెంటు ఎటువైపు నుంచి దిగుతాడన్నది. పక్షవాతం ఉన్నవాళ్లు మామూలుగా బలమున్న వైపు నుంచి దిగుతారు, కాబట్టి బల్ల బలహీనమైన వైపు ఉండాలి. యూరిన్ సంచి వేలాడే వైపు మాత్రం వద్దు. మడిచినప్పుడు పలక వచ్చి ఆ గొట్టం మీదే కూర్చుంటుంది, గొట్టం నొక్కుకుంటే మూత్రం వెనక్కి నిలుస్తుంది. సంచి అవతలి పక్కకు మార్చగలిగితే సరే.

మడతలో చూడాల్సింది ఒక్కటే: ఒక చేత్తో, ఒకే కదలికలో పలక లేస్తుందా? పొలమారినా, వాంతి వచ్చినా, మూర్ఛ వచ్చినా రెండో చేయి పేషెంటును పట్టుకోవడానికి కావాలి. పిన్ను లాగి, గొళ్లెం నొక్కి, పలక ఎత్తాల్సిన బల్లలు ఈ పరీక్షలో పోతాయి. గొళ్లెం మరీ తేలికగా ఉన్నా ఇబ్బందే, కింద నుంచి మోకాలు తగిలితే ఊడొస్తుంది. గొళ్లెం ఊడాలంటే చేత్తో నొక్కాలి గానీ, కింద నుంచి తోస్తే ఊడకూడదు. కొనేముందు పిడికిలితో పలక అడుగున తట్టి చూస్తే తెలిసిపోతుంది. మడిచేటప్పుడు కత్తెరలా మూసుకునే ఊచ దగ్గర వేళ్లు పెట్టకుండా, పలక ముందు అంచు పట్టుకుని మడవాలి.

నిలువు కాలుకూ పరుపుకూ మధ్య, కాలుకూ రెయిలింగుకూ మధ్య పడే సందు కూడా కొలవండి. మంచం రెయిలింగుల సందుల్లో తల ఇరుక్కోకుండా పెట్టుకున్న హద్దు 120 మి.మీ. (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది ఇదే). రాత్రిళ్లు మతి స్థిమితం లేకుండా కదిలేవాళ్లకు బల్ల మడవడం కాదు, కాలితో సహా తీసేయాలి. తమంతట తాము బల్ల తీసుకోలేని వాళ్ల ముందు పగలంతా దాన్ని వేసి ఉంచడమంటే కట్టేయడమే, ఆ పని అసలు చేయకూడదు.

ఆయాసం ఉన్నవాళ్లకు ఈ బల్ల సరిపడదు. వాళ్లు ఊపిరి అందడానికి ముందుకు వంగి, రెండు చేతుల మీద ఒళ్లంతా ఆనిస్తారు. ఆ బరువు ఏ పక్క క్లాంపూ మోయదు. వాళ్లకు బ్రేకులున్న చక్రాల బల్లే కావాలి. లేచేటప్పుడు ఈ పలకను పట్టుకుని బలం తీసుకునే అలవాటున్న పేషెంటుకు కూడా ఇదే మాట, లేదా లేచే ముందు ఎవరో ఒకరు బల్ల మడిచి తీరాలి.

పలక విషయానికొస్తే, మైకా మరకలు పట్టదు, వేడి కంచం తట్టుకుంటుంది. పాడయ్యేది అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల దగ్గర. అంచు పట్టీ ఊడిన చోట నీళ్లు పోయి పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది, ఉబ్బిన బోర్డులో స్క్రూ పట్టు వదిలేస్తుంది. కొత్తలోనే అడుగు రంధ్రాల చుట్టూ, అంచుల వెంట సన్నగా సిలికాన్ పూస్తే చాలాకాలం ఆగుతుంది. ఒకసారి స్క్రూ ఊడొచ్చాక అదే రంధ్రంలో లావు స్క్రూ వేయడం దండగ. పలక పైనుంచి అడుగు దాకా ఆరున్నర మి.మీ. రంధ్రం చేసి, పైనుంచి బల్లపరుపు తల ఉన్న 30 మి.మీ. ఎం6 బోల్టు దింపి, అడుగున వెడల్పాటి వాషరు, నైలాన్ నట్టు వేయాలి. బోల్టు తల మైకాకు సమానంగా దిగేలా రంధ్రం నోరు కొంచెం వెడల్పు చేయడం మరిచిపోకండి, లేకపోతే కంచం దాని మీద కుదురుగా నిలబడదు.

రోజూ సబ్బు నీళ్లతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడితే చాలు. వాంతో, మలమో, రక్తమో పడితే ముందు తుడిచేసి, 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మి.లీ. లీటరు నీళ్లలో కలిపి పూసి, పది నిమిషాలాగి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవాలి. ఆ చివరి తుడుపు పలక కోసం కాదు, క్రోమ్ పైపు కోసం. బ్లీచ్ నిలిచిన చోట క్రోమ్ చుక్కలు చుక్కలుగా పొక్కుతుంది, ఆ పొక్కులు ఎత్తు పైపు మీదయితే అది జారడం మానేస్తుంది. పారదర్శకమైన ఆక్రిలిక్ పలకకు స్పిరిట్ తగలనివ్వకండి, సన్నటి బీటలు వస్తాయి.

మార్చుకోవాల్సి వచ్చేవి రెండే. దవడ రబ్బరు గట్టిపడి నిగనిగలాడితే పట్టు పోయినట్టే, పాత సైకిలు ట్యూబు ముక్క రబ్బరు జిగురుతో అంటిస్తే సరిపోతుంది. నాబ్ ప్లాస్టిక్ లోపల బోల్టు తల తిరిగిపోతే కొత్త నాబ్ వేసుకోవాలి. ఎం8 మరలో 1.25 మి.మీ. పిచ్ (రెండు మర చుట్ల మధ్య దూరం) ఉన్నదే అడగండి, సన్న మరది నాలుగు చుట్లు ఎక్కి బిగుసుకుపోయి క్లాంపు మరను కూడా పాడుచేస్తుంది.