కంబోడియా, మొజాంబిక్: శాంతిసేన ఎక్కడ నయం?

ఐరాస శాంతిసేనల వల్ల ఎక్కడైనా ఏమైనా ఒరిగిందా అని తరచూ అడుగుతుంటారు. మనకు శాంతిసేన అనగానే శ్రీలంక గుర్తొస్తుంది కానీ, అది ఇండియా సొంతంగా పంపినది. దాని లెక్క వేరు. అంతర్యుద్ధం తర్వాత ఐరాస ఏం చేయగలదో తెలియాలంటే 1990ల నాటి కంబోడియా, మొజాంబిక్ చూడాలి.

ఖర్చూ హడావుడీ కంబోడియాలోనే ఎక్కువ. దాదాపు 22 వేల మంది సిబ్బంది, 160 కోట్ల డాలర్లు. థాయ్ సరిహద్దు శిబిరాల్లోని మూడున్నర లక్షల మందికి పైగా శరణార్థులు వెనక్కి వచ్చారు. 1993 మేలో ఓటర్లలో 90 శాతం దాకా ఓటేశారు. చిన్న విషయమేం కాదు.

కానీ తుపాకుల సంగతి? శాంతి ఒప్పందం ప్రకారం పోరాడిన పక్షాలన్నీ ఆయుధాలు అప్పగించాలి. 1992 మేలో, ఒకప్పుడు దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు తిరుగుబాటు సంస్థ ఖ్మేర్ రూజ్ పట్టున్న పైలిన్ వైపు వెళ్తున్న ఐరాస మిషన్ అధిపతి యసుషి అకాషిని ఆ సంస్థ సైనికులు రోడ్డుకు అడ్డంగా ఒక వెదురుగడ పెట్టి ఆపేశారు. ఆయన వెనక్కి తిరిగారు. వాళ్లు ఆయుధాలివ్వలేదు కాబట్టి మిగతా పక్షాల సైన్యాల రద్దూ ఆగిపోయింది. ఎన్నికల్లో యువరాజు రణరిద్ధ్ పార్టీకి 58 సీట్లు, అప్పటికే ప్రధానిగా ఉన్న హున్ సెన్ పార్టీకి 51. అయినా సైన్యం చేతిలో ఉన్న హున్ సెన్ దిగనన్నాడు. చివరికి ఇద్దరు ప్రధానులు! 1997లో రణరిద్ధ్‌ను బలంతో గెంటేశాడు. 2023లో పదవి వదిలింది కూడా కొడుకు కోసమే.

ఆఫ్రికాలోని అంగోలాలోనూ 1992లో ఇదే తంతు: సైన్యాల రద్దు పూర్తికాకుండానే ఎన్నికలు. తిరుగుబాటు నేత సవింబి ఓడాడు, మళ్లీ యుద్ధం.

అది చూసే మొజాంబిక్‌లో మిషన్ అధిపతి అల్దో అజెల్లో సైన్యాలు రద్దయ్యాకే ఓటింగ్ అని పట్టుబట్టారు. 1993 అక్టోబరులో జరగాల్సిన ఎన్నికలు ఏడాది వెనక్కి జరిగాయి. ఈలోగా శిబిరాల్లో విసిగిపోయిన సైనికులు ఇళ్లకు పంపమని గొడవలు చేశారు. కొత్త సైన్యంలో 30 వేల మంది ఉండాలనుకుంటే, చేరింది సుమారు 12 వేల మందే. ఇంటికెళ్లినవాళ్లకు రెండేళ్లపాటు జీతం సొమ్ము అందింది. తిరుగుబాటు సంస్థ రెనామో పార్టీగా మారడానికి కూడా ఐరాస నిధి పెట్టింది. దాన్ని లంచం అన్నవాళ్లున్నారు. అనుకోండి, యుద్ధం కంటే చవకే. పోలింగ్ ముందురోజు బహిష్కరిస్తానన్న రెనామో నేత ధ్లకామా మళ్లీ దారికొచ్చాడు, ఓడాడు, పార్టీ పార్లమెంటుకెళ్లింది.

నా ఓటు మొజాంబిక్‌కే. అయితే దాచిన ఆయుధాల వెతుకులాట పూర్తికాకుండానే 1994 చివర్లో మిషన్ గడువు ముగిసింది. 2013లో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి, 2019లో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. అంత ఓపిక పట్టినవాళ్లు ఇంకో ఏడాది ఉండాల్సింది.